చెరిగిన పేర్లు దిద్దే పని

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళంటే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లే అందరికీ గుర్తొస్తారు. నేను షార్జాలో ఏం చేస్తానో చెబితే మా మావయ్య ఇప్పటికీ నమ్మడు. "ఏట్రా, బండి మీద పేర్లు దిద్దడానికా అంత దూరం ఎల్లావు?" అంటాడు. అవును, అందుకే. పాత కార్ల ఇనప భాగాల మీద, అల్యూమినియం భాగాల మీద రంగు పోయిన అక్షరాలకి మళ్ళీ రంగు వేసి నిలబెట్టడమే నా పని. మన వైపు బ్రష్ పట్టినవాళ్ళు చాలామంది ఖాళీగా కూర్చున్నారు, ఇలాంటి పని ఒకటుందని వాళ్ళకి తెలియాలని రాస్తున్నాను.

నేను కాశీబుగ్గలో ఒక బోర్డు ఆర్టిస్టు దగ్గర నేర్చుకున్నాను. దుకాణం బోర్డులు, లారీ నంబర్లు, ఎన్నికలొస్తే గోడ రాతలు. ఫ్లెక్సీలొచ్చాక ఆ పని సన్నగిల్లింది, అయినా ఇంటి దగ్గర జీడి, కొబ్బరి ఉన్నాయి కదా అని నెట్టుకొచ్చాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటని పడగొట్టేసింది. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అన్నాళ్ళు తినేదేమిటి? అలా బయల్దేరాను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులకి వీధులే గ్యారేజీలు, పాత స్పేర్ పార్టుల కొట్లు. మొదట్లో సొట్టలు తీసే డెంటింగ్ వాళ్ళ వెనక ఉప్పు కాగితంతో రుద్దడమే నా పని. తర్వాత ఒక పాత టయోటా పికప్ వచ్చింది, వెనక డోరు మీద కంపెనీ పేరు రేకులోనే ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉంటుంది చూడండి, ఆ అక్షరాల రంగు ఎండకి పొడిపొడిగా రాలిపోయింది. స్టిక్కర్ కత్తిరించి అంటిద్దామనుకున్నారు. ఉబ్బు అంచు గుండ్రంగా ఉంటే స్టిక్కర్ అక్కడ ఒంగి కూర్చోదు, ఎండ వేడికి మూలలు లేస్తాయి. నేను బ్రష్ అడిగాను. మా ఉస్తాద్, అంటే మేస్త్రీ, పెషావర్ వైపు మనిషి, మాటలు తక్కువ, పూర్తయ్యాక దూరం నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసి, అప్పట్నుంచి అక్షరాలున్న ప్రతి ముక్కా నా బల్ల మీదకే పంపిస్తున్నాడు.

అందరూ రంగు వెయ్యడమే పని అనుకుంటారు గానీ అసలు పని దానికి ముందుంది. పాత రంగు గీకకముందే ట్రేసింగ్ పేపర్ పెట్టి అక్షరాల గీత దించుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి. రేకులో ఉబ్బిన అక్షరానికి పదునైన అంచు ఉండదు, ఫ్యాక్టరీలో రంగు ఎక్కడ ఆపారో ఆ గీత ఒకసారి పోతే ఊహించుకోవడం తప్ప దారి లేదు. ఏ స్టిక్కర్ కిందో, గొళ్ళెం పక్కనో ఎండ తగలని చోట ఆ గీత బతికే ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ సంగతి వేరు. పోత అల్యూమినియానికి సన్నని రంధ్రాలుంటాయి, ఏళ్ళ తరబడి నూనె వాటిలో ఇంకిపోయి ఉంటుంది. పైన ఎంత తుడిచినా, వేడి చేస్తే మళ్ళీ చెమర్చుతుంది. అందుకే కడగడం, వేడి చెయ్యడం, మళ్ళీ కడగడం. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, అల్యూమినియాన్నే తినేస్తుంది. ఇసుక గట్టిగా కొట్టించినా అక్షరాల అంచులు అరిగిపోతాయి. తర్వాత లోహాన్ని పట్టుకునే మొదటి పూత ఎచ్ ప్రైమర్, దాని మీద గట్టిపడడానికి హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపి కొట్టే టూకే పెయింట్. అది బాగా గట్టిపడ్డాకే అక్షరాలకి ఎనామెల్. ఈ వరుసలో ఒక సుఖం ఉంది. చెయ్యి జారి ఎనామెల్ పక్కకి పోయినా టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిచేయొచ్చు, కింది టూకే చెక్కుచెదరదు. తిరగేసి, ఎనామెల్ మీద ఘాటు తిన్నర్ కలిపిన రంగు వేశారంటే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది.

అక్షరాల తలలు చదునుగా ఉంటే గట్టి రబ్బరు రోలర్ మీద పల్చగా రంగు పట్టించి ఒక్కసారి దొర్లిస్తే చాలు. లోతుగా చెక్కిన అక్షరాలైతే గాడి నిండా రంగు నింపి, కాస్త బిగిశాక, చదునైన చెక్కకి గుడ్డ బిగించి పైన తుడవాలి. వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే అది గాడిలోకి దిగి రంగంతా లాగేస్తుంది. తెల్ల ఎనామెల్ ఇంజన్ వేడికి పసుపు తిరుగుతుంది, అక్కడ వేడి తట్టుకునే ఇంజన్ పెయింటే వాడాలి.

తెలుగు రాసిన చెయ్యి ఇక్కడ నిజంగా పనికొస్తుంది. మన అక్షరాలన్నీ వంపులే. 'ఞ' సమంగా రాయగలిగినవాడికి ఇంగ్లీషు 'ఓ' ఏపాటి? నిలువు గీతలకే కొంత సాధన కావాలి.

వచ్చేవాళ్ళలో ఎమిరాతీలు, అంటే ఇక్కడి దేశస్థులే ఎక్కువ, తాతల కాలం నాటి టయోటా ఎఫ్‌జే40 ల్యాండ్ క్రూజర్లు తెస్తారు. ఆ మోడల్ 1960 నుంచి 1984 దాకా తయారైంది. కొందరికి అక్షరాలు కొత్తగా మెరవాలి. నాకు నచ్చేది రెండో రకం వాళ్ళు, ఉన్నంత రంగు ఉంచి, పోయిన చోటే కలపమంటారు. దానికి రంగు కలపడంలోనే సగం రోజు పోతుంది, ఎండకి వెలిసిన ఎరుపు డబ్బాలో దొరకదు కదా.

ఆగస్టులో షార్జా గాలి మన భావనపాడు తీరంలాగే జిగటగా ఉంటుంది. ఆ తేమకి త్వరగా ఆరే లాకర్ రకం రంగు తెల్లగా పాలిపోతుంది, ఎండలో పెట్టిన రేకు మీదైతే ఎనామెల్ బ్రష్‌కే పట్టుకుంటుంది. అందుకని వేసవిలో అక్షరాల పని తెల్లవారుజామునే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. టూకే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులు పాడైపోతాయి, ఒకసారి ఆస్తమా పట్టుకుంటే తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. మూతికి తువ్వాలు కట్టుకోవడం దేనికీ పనికిరాదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్ అడగండి. ఇవ్వకపోతే స్ప్రే గన్ పట్టుకోవద్దు, బ్రష్ పని చెయ్యండి.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా గురువుగారి దగ్గర ఇదంతా చెబుతుంటే అక్కడి కుర్రాళ్ళు వీసా సంగతే ముందు అడిగారు. నా మొదటి కంపెనీ కాగితంలో హెల్పర్ అని ఉండేది, పెయింటర్ పని చేసినా జీతం హెల్పర్‌దే ఇచ్చారు. అందుకే కాంట్రాక్టులో మీ పని పేరేమని రాశారో సంతకానికి ముందే చదివించుకోండి, ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వెళ్ళేలోపు పాత ఇనప కొట్లో ఒక టాపెట్ కవర్ కొనుక్కుని చెయ్యి తిప్పడం మొదలెట్టండి, పని అడిగేటప్పుడు చూపించడానికి ఫొటోలైనా ఉంటాయి.