హుయాన్‌త్సాంగ్ అంటే ఎవరికీ తెలియలేదు

2010 సెప్టెంబరు చివర్లో డాక్టరు చదువుకని చైనాలోని షియాన్‌లో దిగినప్పుడు మన తెలుగు బ్యాచ్ ఇరవై రెండు మందిమి. సూట్‌కేసుల్లో పుస్తకాలకంటే ఆవకాయ సీసాలే ఎక్కువ బరువు. మొదటి వారమంతా క్యాంటీన్‌లో టమాటా కోడిగుడ్డు కూర మీదే బతికాం. మంచినీళ్లు అడిగితే పొగలు కక్కే వేడినీళ్లు చేతికిచ్చేవాళ్లు. మన మొహాలు చూసి జ్వరమనుకుంటున్నారేమో అనుకున్నాను. తీరా చూస్తే ఊరంతా తాగేది అవే.

అక్టోబరు 1 వాళ్ల జాతీయ దినోత్సవం. వారం సెలవులు. మట్టి సైనికుల్ని చూద్దామని బయల్దేరాం. దేశమంతా అదే రోజు బయల్దేరుతుందని మనకెవరూ చెప్పలేదు. రైల్వేస్టేషన్ ముందు 306 నంబరు బస్సు కోసం నిలబడ్డ లైను చూసి, "దీనికంటే తిరుమల సర్వదర్శనం నయంరా" అన్నారెవరో.

1974లో బావి తవ్వుతున్న రైతుల పారకు తగిలి బయటపడ్డ సైన్యం అది. చిన్ షీ హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలా. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఎక్కువగా చూసింది ముందున్నవాళ్ల తలకాయలే. కానీ మొదటి గుంత వెనకవైపుకి వెళ్లామే, గుర్తుందా? అక్కడ ఇంకా అతకని బొమ్మలు. చేతులొకచోట, మొండేలొకచోట. అనాటమీ క్లాసు మొదలవకముందే ల్యాబ్ చూసినట్టయింది. ఈలోగా మనతో ఫొటోలు దిగడానికి జనం క్యూ కట్టారు. సైనికులకి కాస్త విశ్రాంతి దొరికింది.

కోట గోడ సంగతి ఎక్కువ చెప్పను. పైన 13.7 కిలోమీటర్లు, అద్దె సైకిళ్లు, ఎగుడుదిగుడు ఇటుకలు. మర్నాడు ఎవరూ కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది ముస్లిం వీధిలో తిన్న పావ్‌మో. గిన్నె, గట్టి రొట్టె మన ముందు పెట్టి వెళ్లిపోయారు. కూర వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాం. ఎంతకీ రాదు. పక్క బల్ల తాతగారు సైగ చేశారు: తుంచి గిన్నెలో వేయండని. చపాతీ తుంచినట్టు నాలుగు ముక్కలు చేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా చేతిలోంచి రొట్టె తీసుకుని గోళ్లతో గిల్లడం మొదలుపెట్టారు. ఒక్కో ముక్క శనగగింజంత. మాట లేదు, తొందర లేదు. నా వేళ్లు నొప్పెట్టాయి కానీ ఆయన మళ్లీ చూసి సరేనన్నాకే గిన్నె వంటవాడి దగ్గరికి వెళ్లింది. వేడి వేడి మటన్ పులుసులో నాని తిరిగొచ్చింది. పక్కన తీపి వెల్లుల్లి ఊరగాయ, ఎర్రటి మిరప ముద్ద. ముద్ద చూడగానే గుంటూరు వాళ్ల మొహాలు వెలిగాయి. ఆ పూట ఆవకాయ ఊసే ఎవరూ ఎత్తలేదు.

సెలవుల ఆఖరి రోజు మన చైనీస్ లావ్‌షీ, అంటే టీచరు, పెద్ద హంస గోపురం దగ్గరికి తీసుకెళ్లింది. ఇండియా నుంచి ఒక భిక్షువు తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టారని చెప్పింది. సోషల్‌లో చదివిన పాఠం గుర్తొచ్చి, "హుయాన్‌త్సాంగ్!" అని అరిచాను. ఆమెకి అర్థం కాలేదు. సాగదీసి, నొక్కి, నాకొచ్చిన నాలుగు రాగాల్లోనూ అన్నాను. ఊహూఁ. చివరికి గోపురం ముందున్న విగ్రహం చూపించి, "ఈయనే!" అన్నాను.

"ఓ, షువాన్‌జాంగ్!"

స్కూల్లో ఒక మార్కు ప్రశ్నకి ఎన్నిసార్లు రాశామో ఆ పేరు! ఆయన బతికిన ఊళ్లో పలికితే ఆయన్నే గుర్తుపట్టలేదు. ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, నెలల తరబడి ఉండి చదువుకున్నాడు, అది మా జిల్లాయే అని వచ్చీరాని చైనీస్‌లో చెప్పబోయాను. లావ్‌షీ నవ్వి ఊరుకుంది. నమ్మలేదనుకున్నాను.

సోమవారం ఒక లావుపాటి పుస్తకంతో క్లాసుకొచ్చింది. ఆయన యాత్రా విశేషాలట. కాగితం గుర్తు పెట్టిన చోట తెరిచి, మూడు అక్షరాల మీద వేలు పెట్టి నిదానంగా చదివింది: "అన్... దా... లువో."

ఆంధ్ర! క్లాసు ఒక్కసారి గొల్లుమంది. మళ్లీ చదవమన్నాం. మళ్లీ చదివింది.

ఆ తర్వాత చైనీస్ క్లాసులున్నన్నాళ్లూ మనకి అదే పేరు. "అన్‌దాలువో, హోంవర్క్ ఏది?"