ఒడువని కార్డు, ఒడిసే గడువు

నల్లగొండ బస్టాండ్‌లో పొద్దున ఆరింటి బస్సెక్కితే, కిటికీ పక్కన ఒక లారీ డ్రైవరన్న, కాళ్ల దగ్గర బత్తాయిల బస్తా. నా ఒళ్లో ఫైలు చూసి "ఏం కాయితాలు తమ్మీ?" అన్నాడు. టెక్సాస్ పోయి పైలట్ అర్హత మళ్లీ తెచ్చుకోవాలని చెప్పిన.

"విమానం నడిపెటోళ్లకు గూడ రెన్యువల్ ఉంటదా?"

చెరువుగట్టు రాకముందే మొదలైన ఆ ముచ్చట హయత్‌నగర్ దాకా సాగింది.

ఆయన హెవీ లైసెన్సు మీద తేదీ ఉంది, ఐదేండ్లకోసారి రెన్యువల్. నా అమెరికా ప్రైవేట్ పైలట్ కార్డు మీద గడువు తేదీయే ఉండదు. అక్కడ నేర్చుకుని ఇంటికొచ్చి స్థిరపడినవాళ్లు పొరపడేది సరిగ్గా ఇక్కడే. కార్డు ఒడువదు, దాంతో ఎగిరే హక్కు ఒడుస్తుంది. ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ 24 క్యాలెండర్ నెలలకోసారి కావాలి. 2024 మార్చి 9న చేసింది 2026 మార్చి 31 దాకా నడుస్తుంది. కనీసం గంట నేల మీద పాఠం, అందులో పార్ట్ 91 అనే విమానం నడిపే సాధారణ నియమాలు తప్పనిసరి. కనీసం గంట గాలిలో. ఇందులో ఫెయిల్ అనేది లేదు. తృప్తి కలగకపోతే ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టడు, ఆ గంటలు శిక్షణగా లాగ్‌బుక్‌లో పడతాయి. అందుకే రెండు గంటలకే డబ్బు లెక్కేసుకుని పోవద్దు.

ఆరోగ్య పరీక్ష కూడా కావాలని చెప్పిన. నార్కట్‌పల్లిలో చాయ్‌కి దిగినప్పుడు అన్న అడిగాడు: "మన నల్లగొండ డాక్టరు రాసిస్తే నడవదా?"

నడవదు. థర్డ్ క్లాస్ మెడికల్ అనే ఆరోగ్య ధ్రువపత్రానికి ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా విమానయాన శాఖ, నియమించిన డాక్టరే కావాలి. అమెరికా బయట కూడా వాళ్లున్నారు, జాబితా ఎఫ్‌ఏఏ సైట్లోనే చూసుకోవచ్చు. దాని బదులు ఉన్న బేసిక్‌మెడ్ దారి పట్టినా అమెరికా రాష్ట్ర లైసెన్సు ఉన్న డాక్టరే పరీక్ష చేయాలి. పరీక్ష నాటికి 40 ఏండ్లు నిండకపోతే మెడికల్ 60 నెలలు, నిండితే 24. మెడికల్‌కు ముందు మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఎఫ్‌ఏఏ ఆన్‌లైన్ ఫారం నింపాలి. పంపిన 60 రోజుల్లోపు డాక్టరు దాన్ని తెరవకపోతే మళ్లీ మొదటికే. టికెట్ కొన్నాక నింపడం మేలు. గత మూడేండ్లలో ఏ డాక్టర్ దగ్గరికి పోయామో అందులో రాయాలి. మనం ఆసుపత్రి చీటీలు దాచం కదా, ఆ ఒక్క గడి నింపడానికే రెండు రోజులు పోతాయి.

చౌటుప్పల్ దాటాక అన్నను ఆశ్చర్యపరిచింది చిరునామా సంగతి. ఇల్లు మారితే 30 రోజుల్లో ఎఫ్‌ఏఏకు చెప్పాలి. రికార్డులో మన ఊరి చిరునామా ఒక్కటే ఉండి, అమెరికాలో నివాస చిరునామా లేకపోతే, అక్కడొక ఏజెంటును చూపాలి. పాత కార్డుల వాళ్లకు 2025 జులై 7తోనే ఆ గడువు అయిపోయింది. అది చేయకుండా ఎగిరే హక్కు లేదు, రివ్యూ సంతకం కొత్తదైనా సరే. 18 ఏండ్లు నిండి అమెరికాలో ఉన్న చుట్టమైనా చాలు, పోస్ట్ బాక్స్ మాత్రం కుదరదు. ఎఫ్‌ఏఏ పంపే నోటీసులు అందుకునేది ఆ మనిషే. కాబట్టి అడగకుండా పేరు రాయొద్దు. ఉత్తరం వస్తే వెంటనే ఫోన్ చేసేవాణ్ని పట్టుకోవాలి.

"ఇవన్నీ అయినంక ఎవలనన్న ఎక్కించుకోవచ్చా?"

అప్పుడే కాదు. గత 90 రోజుల్లో అదే క్లాసు విమానంలో మూడు టేకాఫులు, మూడు ల్యాండింగులు ఉండాలి. రాత్రి ఎక్కించుకోవాలంటే సూర్యాస్తమయం తర్వాత గంట దాటాక, సూర్యోదయానికి గంట ముందులోపు, ప్రతిసారీ పూర్తిగా ఆగి చేసిన మూడు వేరే కావాలి. రివ్యూ అయిన మర్నాడు ఒంటరిగా రన్‌వే చుట్టూ తిరిగి ఇవి ముగించుకోవడం నా పద్ధతి.

అన్న హయత్‌నగర్‌లో దిగుతూ రెండు బత్తాయిలు చేతిలో పెట్టాడు. ఎల్బీనగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సుకు మారిన. నల్లగొండ నుంచి ఇక్కడిదాకా ఇచ్చిన దానికంటే శంషాబాద్ టికెట్టే ఎక్కువ.