మూడు సెకన్ల ముసలమ్మ

అమ్మ ఫోన్ చేసి "ఈ వారం ఏం చేశావురా" అంటే, మూడు సెకన్ల యానిమేషన్ చేశానమ్మా అంటాను, నమ్మదు. సెకనుకి 24 ఫ్రేములు (బొమ్మలు), అంటే 72 ఫ్రేముల్లో ఒక ముసలమ్మ స్టూలు మీంచి లేవాలి. బెంగళూరు మారతహళ్ళి రూములో ఫోన్ గోడకి ఆనించి నేనే పదిసార్లు కూర్చుని లేచి వీడియో తీసుకున్నా, రూమ్మేట్ ఒకటే నవ్వు. చూస్తే, లేచేముందు ఒళ్ళు ముందుకు వంగుతుంది, బరువు పాదాల మీదకి వచ్చాకే నడుము పైకి లేస్తుంది. మాయ సాఫ్ట్‌వేర్‌లో బ్లాకింగ్ (ముఖ్యమైన భంగిమలు పెట్టడం) బాగానే కుదిరింది, వాటి మధ్య కదలికని నున్నగా కలిపే స్ప్లైన్‌కి మార్చగానే ముసలమ్మ నీళ్ళలో తేలుతున్నట్టయింది. మధ్య ఫ్రేములు కంప్యూటరే నింపుతుంది గానీ బరువు నింపదుగా! మోకాలి మీద చేతిని ఇంకో రెండు ఫ్రేములు ఆపాను, అప్పుడు నమ్మేలా లేచింది. డైలీస్‌లో (రోజూ షాట్లు చూసే మీటింగ్) ఓకే అయింది, నెల తిరక్కుండానే ఎడిటింగ్‌లో ఆ షాట్ ఎగిరిపోయింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.