కొత్తలో ఎంత వంకరగా ఉండేదో అంత వంకరగా

ఈ పాత కారు కొన్నప్పుడు అమ్మినాయన దాంతో పాటు ఒక లావుపాటి ఫైలు కూడా చేతిలో పెట్టాడు. బిల్లులు, ఫొటోలు, వాటి అడుగున ఏదో పోటీలో జడ్జీలు వేసిన మార్కుల షీట్లు. కారు 1968 మోడల్, రెండు తలుపుల హార్డ్‌టాప్ (కిటికీల మధ్య స్తంభం లేని రకం), వి-8 ఇంజిన్. ఏ కంపెనీదో రాయను. రాస్తే చదివేవాళ్లలో సగం మంది ఆ కంపెనీ తరఫున, మిగతా సగం ఎదుటి కంపెనీ తరఫున వాదన మొదలుపెడతారు, అసలు సంగతి మధ్యలో కొట్టుకుపోతుంది. బయట చూస్తే బండి అద్దంలా మెరుస్తోంది. షీట్ల నిండా మాత్రం మార్కుల కోతలే. పెయింట్ మరీ నునుపుగా ఉంది, కోత. తలుపు సందులు మరీ సమానంగా ఉన్నాయి, కోత. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీద సందులు మూసే సీలర్ మరీ నీటుగా పూశారు, కోత.

నేను డెట్రాయిట్ శివార్లలో ఒక విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇంజినీర్ని. మిల్లీమీటరులో పదో వంతు కోసం పొద్దస్తమానం సప్లయర్లతో తగాదా పడే ఉద్యోగం. పని మరీ బాగుందని మార్కులు తీసేసిన కాగితం నా కంటపడటం అదే మొదలు. ఆ షీట్లు చదివాకే బండి కొనాలని గట్టిగా అనిపించింది.

ఈ రకం పోటీల్లో చూసేదల్లా ఒక్కటే: ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా? 1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ, కార్వెట్లనే షెవ్రలే స్పోర్ట్స్ కార్ల విషయంలో దీన్ని ఒక శాస్త్రం చేసి పెట్టింది. అక్కడ కనీసం 94 శాతం మార్కులు వస్తేనే టాప్ ఫ్లైట్ అనే గుర్తింపు. మిగతా బ్రాండ్ల సంఘాలు కూడా అటూ ఇటూగా అదే పద్ధతి. నాకు ముందున్న యజమాని ఖర్చుకు వెనకాడకుండా బాగుచేయించాడు పాపం, కానీ 1968లో ఏ కంపెనీ అమ్మనంత మంచి కారు తయారైంది. నా పని దాన్ని వెనక్కి తీసుకెళ్లడం.

మొదట కాగితాలు. ఫైర్‌వాల్ మీద రివెట్లు కొట్టిన చిన్న రేకు పలక ఉంటుంది. పెయింట్ కోడ్, సీటు గుడ్డ కోడ్, బాడీ తయారైన నెలా వారం అన్నీ దాని మీదే. ఇంకా విలువైనది బిల్డ్ షీట్. లైన్లో ఎవరు ఏ భాగం బిగించాలో చెప్పే కాగితం అది. పనయ్యాక పారేయకుండా సీటు స్ప్రింగుల్లో దోపేసేవాళ్లు, లేదా పెట్రోలు ట్యాంకు మీద వదిలేసేవాళ్లు. నా కారుది వెనక సీటు కింద దొరికింది, ఒక మూల ఎలక కొరికి ఉంది. గ్లవ్ బాక్స్‌లో వారంటీ పుస్తకం, దాని వెనక అట్ట మీద మొదటి యజమాని పెన్సిలుతో రాసుకున్న జాబితా. డీలరుకు చెప్పాల్సినవి: ఎడమ అద్దం దగ్గర గాలి హోరు, వర్షానికి డిక్కీలో నీళ్లు, గడియారం ఆగిపోయింది, కుడి తలుపు గట్టిగా కొడితేగానీ పడటం లేదు, డాష్‌బోర్డు వెనక ఏదో గలగలమంటోంది. బండి కొని అప్పటికి నెల కూడా కాలేదని తేదీ చెబుతోంది.

ఇలాంటి జాబితాలు ఆ రోజుల్లో వింతేమీ కాదు. ఫ్యాక్టరీ బండిని బయటికి పంపేసేది, మిగిలిపోయిన పని డీలరు మెకానిక్కు నెత్తిన పడేది. 1960 దాకా మామూలు వారంటీ 90 రోజులు లేదా 4,000 మైళ్లు, అంతే. 1961 మోడళ్లతో 12 నెలలు, 12,000 మైళ్లకు పెరిగింది. 1963 మోడళ్లకు క్రైస్లర్ ఇంజిన్, గేర్‌బాక్సుల వరకు ఐదేళ్లు, 50,000 మైళ్లు ఇచ్చింది. ఆ కంపెనీకి ఆ అవసరం ఊరికే రాలేదు. రెక్కల తోకలతో 1957లో వచ్చిన క్రైస్లర్, ప్లిమత్, డాడ్జ్ కార్లు చూడటానికి అదరగొట్టాయి కానీ హడావుడిగా తయారైనవి. నీళ్లు కారేవి, త్వరగా తుప్పు పట్టేవి, ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు విరిగేవి. పోయిన పరువు రాబట్టుకోవడానికి ఏళ్లు పట్టింది.

కాగితాల తర్వాత తలుపులు. ఇక్కడే నా చదువు పనికి రాకుండా పోయింది. ఇప్పటి కార్లలో తలుపు చుట్టూ సందు మూడు నాలుగు మిల్లీమీటర్లు, అదీ పై నుంచి కింద దాకా ఒకేలా. ఎవరూ ముట్టుకోని, రంగు మార్చని అదే మోడల్ కార్లు వెతికి పట్టుకుని కొలిచాను. పైన నాలుగు, కింద ఎనిమిది. ఇంకోదానికి ముందు మడ్‌గార్డ్ దగ్గర ఏడు, వెనక ఐదు. బండి బండికీ తేడా ఉంది, కానీ తేడా వచ్చే తీరు మాత్రం ఒకటే. ఎక్కువ బండ్లలో తలుపు వెనక కొస కాస్త కిందికి వాలి ఉంది.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటాడు. కుర్రతనంలో అసెంబ్లీ ప్లాంటులో తలుపులు సరిచేసే పని చేశాడు. నేను గ్యారేజీలో ఫీలర్ గేజులు, డిజిటల్ కాలిపర్ పరుచుకుని కూర్చుంటే చూసి, వెళ్లి ఒక కర్ర ముక్క పట్టుకొచ్చాడు. మామూలు రెండుకి నాలుగు చెక్క, జానెడు పొడుగు. దాన్ని తలుపుకీ స్తంభానికీ మధ్య, బందుకి కాస్త పైన పెట్టాడు. తలుపు కొసని తుంటితో ఒక్క నెట్టు నెట్టాడు. కిర్రుమంది. కర్ర తీసి తలుపు వేసి, బొటనవేలు సందులో పైనుంచి కిందికి జార్చి చూశాడు. "ఇంకొంచెం," అని మోకాలు కింద పెట్టి కొస పైకి ఎత్తాడు, రబ్బరు సుత్తితో అంచు మీద రెండు దెబ్బలు. కొలిస్తే పైన నాలుగున్నర, కింద ఏడు. "నిమిషంలోపు అయిపోవాలి అమ్మాయ్, వెనకే ఇంకోటి వచ్చేస్తుంది. నా కాలిపర్ ఈ వేలే," అన్నాడు. గంటకి యాభై అరవై బండ్లు కదిలే లైన్లో మనిషికి దక్కేది ఆ ఒక్క నిమిషమే మరి. మడ్‌గార్డుల వెనక దూర్చే పలచటి రేకు ముక్కలు, షిమ్ములు, ఎందుకు ఒక్కో చోట ఒక్కో సంఖ్యలో ఉంటాయో అప్పుడు అర్థమైంది. లెక్క ఉండదు, సందు కంటికి సరిపడేదాకా దూర్చడమే.

పెయింట్ దగ్గర ఎక్కువ డబ్బు పోయింది. అప్పటి పెయింట్‌లో రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి, పైన క్లియర్ కోట్ వాడకం 1980ల్లో గానీ మామూలు కాలేదు. జనరల్ మోటార్స్ యాక్రిలిక్ లాకర్ కొట్టి, ఓవెన్లో వేడికి మళ్లీ మెత్తబడి సర్దుకునేలా చేసేది. ఫోర్డ్, క్రైస్లర్ ఎనామెల్ కొట్టేవి. ఏదైనా పక్కన నిలబడి చూస్తే పైపొరలో సన్నటి గుంతలు కనిపిస్తాయి, పెయింటర్లు ఆరెంజ్ పీల్ అంటారు. తలుపు కింది అంచుల్లో, డిక్కీ మూత లోపల రంగు పలచబడి ప్రైమర్ తొంగి చూస్తుంది. చాలా ప్లాంట్లలో ముందు మడ్‌గార్డులకీ బానెట్‌కీ రంగు విడిగా వేసి తర్వాత బాడీకి బిగించేవాళ్లు. మెటాలిక్ రంగు అయితే తలుపుకీ మడ్‌గార్డుకీ ఛాయ తేడా ఎండలో తెలిసిపోతుంది. నా కారుది మెటాలిక్ నీలం.

ఇదంతా పెయింటరుకు చెప్పి ఒప్పించడం ఒక యుద్ధం. కారిన చుక్కని కావాలని వదిలేయమంటే, తన షాపు పేరు ఎవరికీ చెప్పనని మాట ఇస్తేనే చేస్తానన్నాడు. అందుకే చెప్పడం లేదు. డిక్కీ అంచున కారిన ఆ చుక్క వీడియో కాల్‌లో మా మేనమామ కంట్లో పడింది. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాడు. "ఏమ్మా, అంత పోసి చేయించావు, పేపర్ పెట్టి రుద్దించలేదా? మా దగ్గర కుర్రాడు ఇలా చేస్తే కూలి కోస్తాను," అన్నాడు. ఇది సరైన చుక్క మావయ్యా అని చెప్పబోయి ఊరుకున్నాను.

కింది భాగం, ఇంజిన్ గది పని మాత్రం సరదాగా సాగింది. సీలర్ బ్రష్షుతో ఒకసారి పూసి వదిలేయాలి, రెండోసారి సరిచేయకూడదు. ఇంజిన్ మొత్తం బిగించాకే రంగు చల్లేవాళ్లు కాబట్టి గాస్కెట్ల అంచుల మీద, పొగ బయటికి పోయే గొట్టం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, మీద కూడా రంగు పడాలి. నాలుగు మైళ్లు తిరిగితే మానిఫోల్డ్ మీదిది మాడిపోతుంది, అదీ సరైనదే. రేడియేటర్ ముందు నల్ల రంగు నిర్లక్ష్యంగా చల్లినట్టు ఉండాలి. బిగింపు చూసిన ఇన్‌స్పెక్టర్లు నట్ల మీద పెట్టే రంగు చుక్కలు, ఫైర్‌వాల్ మీద మైనపు పెన్సిల్ గీతలు ఎవరూ ముట్టని కార్ల ఫొటోలు చూసి పెట్టాను. ఒక నట్టు మీద మాత్రం ఫొటోలు ఒకదానితో ఒకటి కుదరలేదు, దాన్ని ఖాళీగా వదిలేశాను.

"ఆ రోజుల్లో కార్లు ఇనుప ముద్దలు, ఇప్పుడన్నీ డబ్బా రేకులు" అనే మాట ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లల్లో కూడా వింటుంటాను. రేకు మందం సంగతి నిజమే. కానీ మందపు రేకుని వంకరగా బిగించినా అది వంకరే. అలాగని తప్పు కార్మికులదని తేల్చేయడం కూడా నాకు ఒప్పుదల కాదు. ఒహాయోలోని లార్డ్‌స్‌టౌన్ ప్లాంటులో షెవ్రలే వేగా లైను గంటకు వంద బండ్ల వేగంతో నడిచింది, అంటే మనిషికి 36 సెకన్లు. 1972 మార్చిలో అక్కడ మూడు వారాలు సమ్మె జరిగింది. వేగా మడ్‌గార్డులు తుప్పుకు పేరు పడటం లైన్లో ఉన్నవాడి చేతిలో పని కాదు, లోపలి కవర్లు పెట్టకుండా కంపెనీ డబ్బు మిగుల్చుకున్న లెక్క అది. కాలిఫోర్నియాలోని ఫ్రిమాంట్ ప్లాంటుని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. 1984లో టొయోటాతో కలిసి మళ్లీ తెరిస్తే, ఎక్కువమంది పాత కార్మికులే మంచి కార్లు చేసి చూపించారు. మనుషులు వాళ్లే, పని పెట్టే తీరు మారింది: తేడా కనిపిస్తే కార్మికుడే తాడు లాగి లైను ఆపొచ్చు. ఈ మాట పెద్దాయనతో అంటే, "మాకు లైను ఆపే తాడు లేదు," అన్నాడు.

పోటీ రోజు జడ్జీలు జట్లుగా వచ్చారు. బయటి భాగానికి ఒక జట్టు, లోపలికి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి, కిందికి ఒకటి. కారుని ముట్టుకోరు, టార్చి వేసి చూస్తారు. బానెట్, డిక్కీ మనమే తెరవాలి. హారన్, వైపర్లు, లైట్లు, గడియారం అన్నీ ఆడించి చూపించాలి. బయటి జట్టులో ఉన్నాయన ఎడమ తలుపు దగ్గర వంగి చాలాసేపు ఉండిపోయాడు. ఈ సందు ఎవరు పెట్టారని అడిగాడు. మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన్ని చూపించాను. ఇద్దరూ మాటల్లో పడ్డారు, కాసేపటికి మిగతా జట్టు వచ్చి పిలుచుకుపోవాల్సి వచ్చింది.

కావాల్సిన గ్రేడు వచ్చింది. పోయిన మార్కుల్లో ఎక్కువ రబ్బరు బీడింగువి. ఇప్పుడు దొరికేవి అసలు వాటికంటే మందం, గట్టి. తలుపుని లోపలి నుంచి బయటికి నెడతాయి, పెద్దాయన పెట్టిన సందు పై భాగంలో అర మిల్లీమీటరు తేడా పడింది. రేడియేటర్ హోసు మీద ముద్ర ఆ ఏడాదిది కాదు, దానికో కోత. టైర్ల మీద పూర్తి మార్కులు ఇచ్చారు, ఎందుకంటే పాత పద్ధతి బయాస్ ప్లై టైర్లు వేయించాను. వాటితో హైవే మీద గాడి కనబడితే చాలు బండి అటే లాగేస్తుంది. ఇంటికి రాగానే విప్పేసి రేడియల్స్ వేసుకున్నాను. బయాస్ ప్లైవి నాలుగూ గ్యారేజీలో గోడకి ఆనించి ఉన్నాయి, మళ్లీ పోటీకి వెళ్తే గానీ వాటితో పనిలేదు.