చేపల తొట్టికి జియోలైట్ ఫిల్టర్: ఇప్పటివరకు తేలిన లెక్కలు

తొట్టి 100 లీటర్లు, మంచినీటి చేపలు, మేత రోజుకు 2 గ్రాములు. మేతలో ప్రొటీన్ 40 శాతం, ప్రొటీన్‌లో నత్రజని 16 శాతం. అంటే రోజుకు 128 మిల్లీగ్రాముల నత్రజని లోపలికి వెళ్తోంది. మూడింట రెండొంతులు అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుందనుకుంటే 85. అమ్మోనియాను పట్టే జియోలైట్ రాయి క్లినోప్టిలోలైట్ కాగితం మీద గ్రాముకు 28 మిల్లీగ్రాముల దాకా పట్టాలి. తొట్టిలో అమ్మోనియా మరీ పలచన కాబట్టి అంత పట్టదు. గ్రాముకు 1 అని పిసినారి లెక్క వేసుకుంటే అరకిలో ఆరు రోజులకు సరిపోతుంది.

ముందు సరుకు సంగతి. రొయ్యల చెరువులకని ఆక్వా దుకాణాల్లో అమ్మే పొడి ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. 3–5 మిల్లీమీటర్ల ముక్కలు కావాలి. వెనిగర్ చుక్కకు బాగా నురగ వస్తే అందులో సున్నపురాయి కలిసినట్టే. అసలు పరీక్ష నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్). ఒక గ్రాము లీటరు నీళ్లలో కరిగించి, అందులో 10 మిల్లీలీటర్లు ఇంకో లీటరులో కలిపితే నత్రజని 2.6 మిల్లీగ్రాములు వస్తుంది. కుళాయి నీళ్లయితే ముందు నిలవబెట్టి క్లోరిన్ పోనివ్వాలి, లేకపోతే అదే కొంత అమ్మోనియాను తినేసి లెక్క చెడగొడుతుంది. ఇలాంటివి రెండు సీసాలు పెట్టి, ఒకదాంట్లో కడిగిన రాయి 10 గ్రాములు వేసి, మధ్యమధ్య కదుపుతూ తెల్లారేదాకా ఉంచాలి. ఈ సరుకు వేసిన సీసాలో అమ్మోనియా కొలిచే కిట్ 0.5 కన్నా తక్కువ చూపింది. రాయి వేయని సీసాలో అంకె కదల్లేదు.

రాయి చేసే పనల్లా ఇచ్చిపుచ్చుకోవడమే. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లిన చట్రంలో అల్యూమినియం ఉన్న చోటల్లా ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిపెట్టడానికి సోడియం, పొటాషియం, కాల్షియం సన్నని దారుల్లో కూర్చుంటాయి, అమ్మోనియం (నీళ్లలో అమ్మోనియా ఎక్కువగా ఉండే ధన అయాన్ రూపం) వస్తే లేచి చోటిస్తాయి. బట్టల సబ్బు పొడిలో జియోలైట్ ఎ కాల్షియాన్ని పట్టి సోడియాన్ని వదిలేదీ ఇలాగే. విశాఖ మల్కాపురం రిఫైనరీలో బరువు నూనెను విరగ్గొట్టే ఉత్ప్రేరకానిదీ జియోలైట్ చట్రమే, కాకపోతే అక్కడ పని చేసేది దాని ఆమ్లగుణం. నైట్రైట్, నైట్రేట్ రుణ అయాన్లు కాబట్టి వాటి జోలికి ఈ రాయి పోదు. క్లోరిన్‌నూ ముట్టుకోదు.

క్లినోప్టిలోలైట్‌కు ఇష్టమైన వరుస ఇది: సీసియం, పొటాషియం, అమ్మోనియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం. సోడియం వెనకబడి ఉన్నా గుంపుగా వస్తే అమ్మోనియాన్ని గెంటేస్తుంది. అందుకే ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో అమ్మోనియా కోసం బస్తాలకు బస్తాలు చల్లడం మా దృష్టిలో డబ్బు దండగ. బీచ్ వైపు ఉప్పు తగిలే బోరు నీళ్లలోనూ రాయి త్వరగా చేతులెత్తేస్తుంది.

ఆ గుణమే నిండిన రాయిని శుద్ధి చేయడానికి పనికొస్తోంది. లీటరుకు 100 గ్రాముల గల్లుప్పు, రాయి మునిగి పైన నాలుగు వేళ్లు నిలిచేంత నీళ్లు, ఒక రోజు నానబెట్టాలి. తర్వాత ఉప్పదనం పోయేదాకా కడగాలి, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు మామూలు కుళాయి నీళ్ల అంకెకు దిగితే చాలు. ఆర్కే బీచ్ నుంచి డబ్బాతో నీళ్లు తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు మిగులుతుంది కదా అనిపిస్తుంది. సముద్రపు నీళ్లలో ఉప్పు లీటరుకు 35 గ్రాములే, పైగా పొటాషియం 0.4 గ్రాములు ఉంటుంది. అది చోటు పట్టేస్తే అమ్మోనియానికి లేవదు.

ఉప్పులో నానితే రాయిమీద పెరిగే, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. కాబట్టి దోమతెర గుడ్డతో 250 గ్రాముల సంచులు రెండు కుట్టి, మూడేసి రోజులకు ఒక్కొక్కటే మారుస్తున్నాం. ముందు స్పాంజి లేకపోతే చెత్త పేరుకుని నీళ్లు సంచి పక్కనుంచే పోతాయి.

ప్రమాదం ఎక్కడంటే, తెల్లమచ్చల రోగానికి తొట్టిలో ఉప్పు వేసినప్పుడు. లీటరుకు 2–3 గ్రాములు వేసినా రాయి దాచినదాంట్లో చాలా భాగం కక్కేయొచ్చు. మొక్కలకు పొటాషియం ఎరువు పోసినా కొంత కక్కుతుంది. ఉప్పుకు ముందే సంచులు తీసేయాలి. వేసవిలో 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విష రూపం (అయాన్ కాని అమ్మోనియా) 1 శాతం లోపే, 8 దగ్గర 7 శాతం దాటుతుంది. అలా కక్కినది పీహెచ్ 8 తొట్టిలోనైతే పూటలో చేపలు పోవచ్చు.

కొత్త తొట్టిలో ఇంకో చిక్కు. అమ్మోనియాను రాయే లాగేస్తే బ్యాక్టీరియాకు తిండి ఉండదు, ఫిల్టర్ పండటం, అంటే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులో స్థిరపడటం, ఆలస్యమవుతుంది. ఇకపై ఒక్క సంచే ఉంచి, మేత సగానికి తగ్గించి, రోజూ నైట్రైట్ చూడాలి. అది పెరిగి తిరిగి సున్నాకు దిగాకే ఆ మిగిలిన సంచి కూడా తీస్తాం.