అమ్మ చీరతో పోచంపల్లికి

అమ్మ పెట్టె అడుగున ఒక వంకాయ రంగు చీర ఉంది. దాని మీద తెల్లని చదరాలు, వాటి అంచులు నీళ్ళలో నీడల్లా కదులుతున్నట్టు ఉంటాయి. నా చిన్నప్పుడు భుజాన మూట వేసుకుని తెనాలి వచ్చిన ఒక నేతన్న దగ్గర మూడు వాయిదాలకు కొన్నది. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ చీరను సంచిలో పెట్టుకుని భూదాన్ పోచంపల్లి వెళ్ళాను.

హైదరాబాదుకు 50 కిలోమీటర్ల లోపే కాబట్టి చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. నేను ఒక స్నేహితురాలి బంధువుల ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాను. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని ఎంపిక చేసింది. కాగితాల మీద ఇప్పుడు ఇది మున్సిపాలిటీ. నేనున్న వీధిలో మాత్రం ప్రతి రెండో గుమ్మంలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మొదటి రోజు ఐదున్నరకే ఆ చప్పుడుకు మెలకువ వచ్చింది. ముందు గదిలో ఇంటాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తున్నారు. వానాకాలంలో గుంటలో నీరు ఊరితే పని ఆగిపోతుందట. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తూనే, మధ్యమధ్య వచ్చి రాట్నం తిప్పి కండెలు చుట్టి వెళ్తోంది. ఆ ఇంట్లో వంటకూ నేతకూ మధ్య గోడ లేదు. బడికి వెళ్ళే పిల్లవాడు కూడా చేతికి అందిన కండె తండ్రికి ఇచ్చి మరీ చెప్పులు వేసుకున్నాడు.

పోచంపల్లి చీరకు బొమ్మ బట్ట మీద పడదు, నూలు మీదే పడుతుంది. నేయకముందే దారాలను లెక్క ప్రకారం బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. దీన్నే చిటికి కట్టడం అంటారు. కట్టడానికి వాడేది పాత సైకిల్ ట్యూబు కోసిన సన్నని రబ్బరు ముక్కలు. విప్పి, మళ్ళీ కట్టి, మరో రంగులో ముంచి, చివరికి మగ్గం మీద ఒక్కో దారాన్నీ దాని చోటికి చేరుస్తారు. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, తడి దారపు కట్ట చేతిలోకి తీసుకున్నాకే నాకు ఇది అర్థమైంది.

కట్టడం కన్నా ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ వరుసగా చుట్టాలి. గోడకు ఆనించిన పాత చట్రాన్ని ఆ ఇంటి మామ్మగారు చూపించారు. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. పక్కింట్లో ఆ యంత్రం నడుస్తుంటే చూశాను.

మామ్మగారు మాత్రం ముప్ఫై ఏళ్ళు చేత్తోనే పోశారు. ఒకసారి చేసి చూస్తానన్నాను. నూట నలభైకి నా భుజం పట్టేసింది. ఆవిడ నవ్వి, “చాలు బిడ్డా, చెయ్యి దించు” అని దారం తన చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. ఆ చెయ్యి చూసిన తర్వాత, చీరల దుకాణంలో బేరమాడటం నా వల్ల కాదు.

సాయంత్రం పిల్లవాడు నన్ను వినోబా మందిరానికి తీసుకెళ్ళాడు. 1951 ఏప్రిల్ 18న ఇక్కడి దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. పిల్లవాడికి ఆ తేదీ నోటికి వచ్చు.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ చీర తీశాను. అక్క దాన్ని దీపం కిందకు లాక్కుని వేళ్ళతో తడిమింది. చదరాల అంచులు అడ్డంగా మాత్రమే చెదిరి ఉండటం చూసి, “కట్టింది పేక మీద మాత్రమే, పడుగు ఉత్త రంగు” అంది. అడ్డంగా పోయే దారం పేక, నిలువుగా పోయేది పడుగు. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చెంగు దగ్గర ఒక చోట వేలు ఆపారు. అక్కడ ఒక దారం అంగుళం మేర పక్కకు జరిగింది. ఇన్నేళ్ళలో మాలో ఎవరమూ గమనించలేదు. “కట్టు జారింది. కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి” అన్నారు.

అమ్మకు ఫోను చేసి చెప్పాను. కాసేపటికి, “మూట తెచ్చినాయనతో పద్నాలుగేళ్ళ అమ్మాయి కూడా వచ్చేది” అంది. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

అలాంటిదే ఇంకొకటి నేసిపెడతారా అని అడిగాను. మగ్గం మీద ఉన్న పడుగుకు ఇంకా ఐదు చీరలు నేయాలి. మాది ఆ తర్వాత. శివరాత్రి దాటాక వచ్చి తీసుకెళ్ళమన్నారు. పాత చీరను కొలతల కోసం అక్కడే వదిలి వచ్చాను.