డిస్కు మింగే టీవీ కోసం రిచ్చీ స్ట్రీట్ దాకా

డీవీడీ ప్లేయరు లోపలే ఉండే చిన్న టీవీ కావాలి అని ఇప్పుడు తిరుపతి గాంధీ రోడ్డులో ఏ అంగట్లో అడిగినా ముందు నవ్వుతారు, తర్వాత స్మార్ట్ టీవీ చూపిస్తారు. "అక్కా, అన్నీ యూట్యూబ్‌లోనే ఉండాయి గదా, డిస్కులు ఎవురు చూస్తారు ఇప్పుడు" అంటారు. ఎవురు చూస్తారంటే, మా అత్త చూస్తాది.

మా అత్తది పూతలపట్టు పక్కన పల్లె. మోకాలు ఆపరేషన్ అయినాక ఇంక ఒక్కదాన్నే ఉంచేదెట్లా అని బైరాగిపట్టెడలో మా ఇంటికి పిలుచుకొచ్చేసినాం. బట్టల మూట కన్నా పెద్దగా ఒక అట్టపెట్టె వచ్చింది ఆమెతో, అందులో అంతా సీడీలూ డీవీడీలే. ఆడబిడ్డ పెళ్ళి డిస్కులు, హరికథలు, మోసర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వీసీడీ (వీడియో ఉండే సీడీ) 28 రూపాయలు డీవీడీ 34 రూపాయలు అని అమ్మినప్పుడు మా ఆయన కొనిచ్చిన పాత సినిమాలు, అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్ళ ఊరి ధర్మరాజుల గుడి దగ్గర జరిగిన భారతం. మన చిత్తూరు పక్క వాళ్ళకి చెప్పక్కర్లేదు, పద్దెనిమిది దినాలు పగలంతా హరికథ, రాత్రంతా నాటకం, మధ్యలో అర్జునుడు ఎక్కే తపస్సు మాను, ఆఖర్న దుర్యోధన వధ. పక్కూరి వీడియో ఆయన కెమెరా పెట్టి తీసి వీసీడీలు చేసి అమ్మినాడు ఆ ఏడు. అందులో అర్జునుడి వేషం కట్టి మానెక్కింది మా మామ. ఇప్పుడాయన లేడు. మరి అది ఏ యూట్యూబ్‌లో ఉంటాది చెప్పండి.

హాల్లో 43 ఇంచుల టీవీ ఉంది మాకు. దానికి పాత డీవీడీ ప్లేయరు తగిలిస్తే అయిపోతాది గదా అన్నాడు మా ఆయన, నేనూ సరే అన్నా. ముందు వైర్ల కాడే తిప్పలు, ప్లేయరుకేమో పసుపు తెలుపు ఎరుపు మూడు పిన్నులు, ఈ కొత్త టీవీకి వెనకాల ఒకే ఒక సన్న రంధ్రం, దానికి ఇంకో అడాప్టర్ వైరు కొనుక్కోవాలంట. కొన్నాం. అప్పుడు రెండు రిమోట్లు. టీవీ రిమోట్‌లో సోర్సు నొక్కి ఏవీకి పోయి ఓకే కొట్టి, ఆ రిమోట్ కింద పెట్టి ఈ రిమోట్ తీసుకుని ప్లే నొక్కాలి, మధ్యలో ఎవురన్నా పిల్లోళ్ళు వేరే యాప్ తెరిచి పెట్టుంటే మళ్ళీ మొదటికొస్తాది. పాపం ఆమె నీలం తెర మీద నో సిగ్నల్ అనే అక్షరాలు చూసుకుంటా కూర్చునేది, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా. అడిగితే ఏమనుకుంటానో అని అడిగేది కూడా కాదు, అదింకా కోపం వచ్చేది నాకు.

ఇంకోటి ఏమంటే బొమ్మ. వీసీడీలో ఉండేదే 352 అడ్డం 288 నిలువు చుక్కలు, అంటే మొత్తం కలిపితే లక్ష చుక్కలు. మా హాల్లో 4కే టీవీకి 83 లక్షల చుక్కలు ఉంటాయంట. ఆ లక్షని తీసి ఈ 83 లక్షల మీద పరిస్తే ఏమైతాది, మనుషుల మొహాలన్నీ గళ్ళు గళ్ళు. డీవీడీ అయితే 720 అడ్డం 576, కాబట్టి కొంచెం మేలు, కానీ అత్త పెట్టెలో ముప్పాతిక భాగం వీసీడీలే. కాబట్టి ఈ విషయంలో టీవీ ఎంత చిన్నదైతే అంత మంచిది అని నాకు అప్పుడు అర్థమైంది, పెద్దది కొనేకొద్దీ పాత వీడియో పాడుగా కనపడతాది. అంగడోళ్ళు ఎవురూ ఈ మాట చెప్పరు, ఎందుకు చెప్తారు.

సరే ఆమె గదిలో పెట్టేదానికి 19 నుంచి 24 ఇంచుల లోపు, డిస్కు లోపలికే పోయేది, ఒకటే రిమోట్, ఒకటే ప్లగ్గు. ఇదీ నాకు కావాల్సింది. శాంసంగ్, తోషిబా లాంటి వాళ్ళంతా చేసినారు ఒకప్పుడు ఇట్లాంటివి. ఇప్పుడు మన అంగళ్ళలో కొత్తవి దాదాపు లేవు. ఇంగ్లండులో మాత్రం ఇంకా అమ్ముతా ఉండారు, అక్కడ కారవాన్ అని ఇల్లు మాదిరి బండ్లు ఉంటాయి గదా, వాటిలో పెట్టుకునేదానికి 12 వోల్టుల మీద నడిచేవి. అక్కడుండే చుట్టాల చేత తెప్పించుకుందామా అనుకుంటే రీజియన్ గోల ఒకటి, మన దేశానికి డీవీడీ రీజియన్ 5, వాళ్ళకి 2. అంగట్లో కొన్న డీవీడీ మీద 5 అనే కోడ్ ఉంటే అక్కడి ప్లేయర్లో పడదు. పెళ్ళి డిస్కులకీ వీసీడీలకీ ఈ కోడ్ ఏమీ ఉండదు కాబట్టి అవి పాడతాయి, కానీ అంత దూరం నుంచి తెప్పించి తర్వాత రిపేరొస్తే ఎవురికి చూపిస్తాం.

ఆన్‌లైన్లో వెతికితే వచ్చేవన్నీ మడత పెట్టే పోర్టబుల్ ప్లేయర్లు. వాటితో జాగ్రత్త. పైన ఇన్ని ఇంచులు అని పెద్దగా రాస్తారు, కింద సన్న అక్షరాల్లో చూస్తే అసలు తెర దానికన్నా చిన్నది ఉంటాది. ఇంచులంటే తెర మాత్రమే, ఈ మూల నుంచి ఆ మూలకి. 22 ఇంచులంటే 56 సెంటీమీటర్లు రావాల, స్కేలు పెట్టుకుని కొలుచుకోండి.

ఆఖరికి మా మరిది అన్నాడు, వదినా, చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో లేనిది ఇంకెక్కడా ఉండదు అని. పని మీద చెన్నై పోవాల్సింది కూడా ఉండె, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్‌లో దిగి ఆటోలో పోయినాం. మౌంట్ రోడ్డు పక్కనే ఆ వీధి, మనిషి మీద మనిషి, నేలంతా వైర్లు. అక్కడ కూడా కొత్తది లేదన్నారు, పాతది 22 ఇంచులది ఒకటి ఉంది, కుడి పక్కన నిలువుగా సన్న చీలిక, డిస్కు అందులో పెడితే లోపలికి లాక్కుంటాది. అంగడాయన అరవం, నేను తెలుగు, మధ్యలో మరిది, ఎట్లనో బేరం ఐదువేల లోపలే తెగింది.

బేరం అయితే అయ్యింది గానీ డబ్బులు ఇచ్చే ముందర నేను చేసినవి చెప్తా, ఎవురికన్నా పనికొస్తాది. అత్త డిస్కుల్లో కొన్ని బ్యాగులో పెట్టుకుపోయినా, వాళ్ళ దగ్గర ఉండే మంచి డిస్కు వేసి చూపిస్తే ఏమి తెలుస్తాది, అది ఎట్లైనా పాడతాది. మన గీతలు పడిన వీసీడీ వేయాల, ఇంట్లో రాసిన డీవీడీ ఒకటి వేయాల, ఒక్కసారి కాదు, వేసి తీసి మళ్ళీ వేయాల, అప్పుడే డిస్కు చదివే లెన్సు సంగతి తెలుస్తాది. ఒక డిస్కు చూసి అంగడాయన చెయ్యి అడ్డం పెట్టేసినాడు. ఎందుకంటే దాని మీద పెళ్ళికొడుకు పెళ్ళికూతురు ఫోటోతో గుండ్రటి కాగితం అంటించి ఉంది, స్టూడియో వాళ్ళు అప్పట్లో అట్లనే అంటించే వాళ్ళు. ఆ కాగితం అంచు కొంచెం లేచినా లోపల ఇరుక్కుంటాదంట, ట్రే బయటికొచ్చే ప్లేయరయితే తీసుకోవచ్చు, ఈ చీలిక రకంలో ఇరుక్కుంటే టీవీ మొత్తం విప్పాల్సిందే. ఆ మాట చెప్పినందుకు ఆయన మీద గౌరవం వచ్చింది నాకు.

ఇంకోటి, నేను అంగట్లో కింద గొంతుక్కూర్చుని చూసినా. అందరూ నన్నే చూసినారు, చూడనీ. ఈ చిన్న సైజుల్లో చాలావరకు టీఎన్ అనే రకం ప్యానెల్ వేస్తారు, ఎదురుగా చూస్తే బాగుంటాది, కింద నుంచి చూస్తే నల్లగా అయిపోయి రంగులన్నీ తిరగబడతాయి, ఫోటో నెగటివ్ మాదిరి. మా అత్త పట్టె మంచం మీద పడుకుని చూస్తాది కాబట్టి నాకు అదే ముఖ్యం. ఇదీ ఆ రకమే, కాకపోతే గోడకి పైన కాకుండా మంచం ఎత్తుకి ఎత్తుపీట మీద పెడితే సరిపోతాదని అక్కడే తేల్చుకున్నా.

ఇంటికొచ్చినాక మొదట గూట్లో పెట్టబోయినాం, టీవీ సరిగ్గా పట్టింది, కానీ పక్కన డిస్కు దూర్చేదానికి జాగా ఏది? డిస్కు అడ్డం 12 సెంటీమీటర్లు, మన చెయ్యికి ఇంకొంచెం. అందుకని పీటే. సౌండు కూడా తక్కువే, పలచటి టీవీల్లో స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి గదా, వెనకాల గోడ దగ్గరగా ఉంటే కొంచెం తిరిగి ముందుకొస్తాది, మరీ దగ్గరగా పెడితే వేడి.

మొదట వేసింది భారతమే. బొమ్మ వచ్చింది, అత్త లేచి కూర్చుంది, కొంచేపు కళ్ళు చికిలించి చూసి, "ఏమ్మా, మీ మామ ఎప్పుడు ఇంత లావుండాడు? ఈ ఒళ్ళుతో మానెక్కితే మాను విరిగిపోదా?" అనింది. చూస్తే నిజమే, పాత వీడియో 4:3 కొలతలో తీసింది, ఈ తెర 16:9, లాగి అడ్డంగా సాగదీసేసింది. రిమోట్‌లో యాస్పెక్ట్ అనే బటన్ నొక్కి 4:3 పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చి మనిషి మామూలైనాడు. ఆ బటన్ మీద కుంకుమ చుక్క పెట్టిచ్చినా. ఇంక ఆమెకి తెలియాల్సినవి మూడే, పవరు, ప్లే, డిస్కు బయటికి వచ్చేది. డిస్కు అక్షరాలు ఎటుపక్కకి ఉండాలో టీవీ మీదనే ఒక బాణం గుర్తు గీసినాడు పిల్లోడు.

మా ఆయన మాత్రం ఇప్పటికీ అంటాడు, అదే డబ్బుకి ఇంకొంచెం వేసుంటే కొత్త 32 ఇంచులది వచ్చేది, గ్యారంటీ కూడా ఉండేది, దీనికి లోపలుండే ప్లేయరు పోతే దాన్ని ఎవురు బాగు చేస్తారు అని. ఆ మాటలో న్యాయం ఉంది. విడి ప్లేయరయితే లెన్సు ఎక్కడైనా మారుస్తారు, ఇట్లాంటి వాటిలో చాలావరకు ల్యాప్‌టాప్‌లో ఉండే మాదిరి సన్న డ్రైవు ఉంటాది, అది దొరికేది కష్టం. కానీ పాడయ్యే దాకా ఆమె ఎవుర్నీ అడక్కుండా చూసుకుంటాది గదా, 32 ఇంచులదైతే ఆ సుఖం యాడొస్తాది.

డిస్కులు ఎట్లా అయినా ఎక్కువ కాలం ఉండవు, ముఖ్యంగా ఇంట్లో, స్టూడియోల్లో రాసినవి, వాటిలో రంగు పూత మీద రాస్తారు, ఎండకీ వేడికీ అది చెడిపోతాది, మన ఊరి ఎండలు తెలిసిందే. అందుకే కంప్యూటర్లోకి ఎక్కిస్తా ఉండా. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి చాలు. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో పేరు చివర .DAT అని ఉండే ఫైళ్ళు ఉంటాయి, కాపీ చేసి ఆ DAT తీసేసి MPG అని మార్చితే చాలా వాటిలో నడుస్తాది. డీవీడీ అయితే వీడియో టీఎస్ ఫోల్డర్లో 1 జీబీ లోపు ముక్కలుగా వీఓబీ ఫైళ్ళు. భారతంలో తపస్సు మాను డిస్కు మధ్యలో ఒక చోట ఇరుక్కుంటా ఉంది, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి నేరుగా తుడిచినా, గుండ్రంగా తుడవకూడదు, కొంచెం మేలైంది, ఇంకా పూర్తిగా రాలేదు. ఆ వీడియో ఆయన దగ్గర అసలు టేపు ఉందేమో కనుక్కోమని మరిదికి చెప్పినా.

కాపీ చేసిన పెన్‌డ్రైవు ఇదే టీవీకి వెనకాల పెడితే కూడా పాడతాది. అత్తకి చూపించినా. వద్దనింది. పెన్‌డ్రైవు నా బీరువాలో ఉంది, అట్టపెట్టె ఆమె మంచం కింద ఉంది.